టానింగ్ బెడ్, బొల్లి లైటు, మనూరి ఎండ: చర్మం గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒకటే, లైటు. అమెరికా జిమ్ములో ఉండే టానింగ్ బెడ్ (పడుకుంటే చర్మం రంగు ముదిరేలా లైటు పెట్టే మెషిన్) కావచ్చు, హాస్పిటల్లో బొల్లికి పెట్టే లైటు కావచ్చు, పార్లర్‌లో గోళ్ళు ఆరబెట్టే లాంప్ కావచ్చు, అలిపిరి మెట్ల మీద పడే ఎండ కావచ్చు, అన్నిట్లో చర్మం మీద పనిచేసేది అల్ట్రావయొలెట్ కిరణాలే, అందుకే అన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నా. పేర్లు తీసేశాం, ఊర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తిరుపతి, భవానీ నగర్. మా పాప ఎమ్మెస్ కోసం షికాగో పోయింది. అక్కడ చలికాలంలో ఎండ మొహమే కనపడదంట, బ్లడ్ టెస్ట్‌లో విటమిన్ డి తక్కువ ఉందని చెప్పినారంట. జిమ్ములో మెంబర్‌షిప్‌తో పాటు టానింగ్ బెడ్ ఫ్రీ, దాంట్లో పడుకుంటే డి విటమిన్ వస్తుందని రూమ్మేట్ చెప్తే పోయి కాసేపు పడుకుందంట. రాత్రికి ఒళ్ళంతా ఎర్రగా మంట, మరుసటి రోజు భుజాల మీద, ఛాతీ మీద నీటి బొబ్బలు. మొటిమలకి డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా వేసుకుంటా ఉందంట. ఇప్పుడు మంట తగ్గింది గానీ చర్మం అక్కడక్కడా మాడినట్టు నల్లగా ఉంది, వీడియో కాల్‌లో చూసినప్పట్నుంచి నాకు నిద్ర లేదు. సంబంధాలు కూడా చూస్తా ఉన్నాం. ఈ నలుపు పోతుందా? పెద్ద జబ్బేమన్నా వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. ఆ నలుపు పోతుంది, కాకపోతే మన రంగు చర్మాల్లో కాలిన చోట, వాచిన చోట వచ్చే మచ్చ పోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఆరు నెలలు దాటుతుంది, తొందరపడితే లాభం లేదు. ఒక్కసారి పడుకున్నంత మాత్రాన పాపకి క్యాన్సర్ వచ్చేస్తుందని అనుకోవద్దు. మళ్ళీ పోకుండా చూసుకోండి, అది ముఖ్యం.

అంత గట్టిగా కాలడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. డాక్సీసైక్లిన్ వేసుకునేవాళ్ళ చర్మం అల్ట్రావయొలెట్ ఎ కిరణాలకి చాలా సెన్సిటివ్ అవుతుంది, టానింగ్ బెడ్ నుంచి వచ్చేది ఎక్కువ భాగం ఆ ఎ కిరణాలే, పైగా పవర్ ఎక్కువ ఉన్న మెషిన్లలో ఆ ఎ కిరణాలు మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండేదానికి 10 నుంచి 15 రెట్లు ఉంటాయి. మాత్ర ఒకవైపు, మెషిన్ ఒకవైపు, మధ్యలో పాప చర్మం. ఇంకో విషయం, రాబోయే వారాల్లో గోళ్ళు నొప్పి పెట్టి చివర్ల నుంచి పైకి లేచినట్టు అయితే కంగారు పడొద్దని చెప్పండి, డాక్సీసైక్లిన్ మీద లైటు పడితే అది కూడా జరుగుతుంది, గోరు పెరిగే కొద్దీ సర్దుకుంటుంది. ఆ మాత్ర ఇచ్చిన డాక్టర్‌కి మాత్రం జరిగింది చెప్పి తీరాలి, మాత్ర మారుస్తారో ఎండ జాగ్రత్తలతో అదే కొనసాగిస్తారో వాళ్ళే చూసుకుంటారు.

ఇక విటమిన్ డి కోసం టానింగ్ బెడ్ అనేది నాకు నిజంగా కోపం తెప్పించే మాట. చర్మంలో డి విటమిన్ తయారవ్వాలంటే అల్ట్రావయొలెట్‌లోనే ఇంకో రకమైన బి కిరణాలు కావాలి, ఈ బెడ్లలో ఎక్కువ ఉండేది ఎ. అంటే రంగు మారుతుంది, చర్మం ముడతలు పడుతుంది, కణాల్లో డీఎన్ఏ దెబ్బతింటుంది, దేనికోసమైతే పోయామో అది సరిగ్గా రాదు. రంగు మారడం అనేదే చర్మం దెబ్బ తగిలి తనని తాను కాపాడుకోవడానికి మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం తయారు చేసుకోవడం, దాన్ని ఆరోగ్యంగా ఉన్నట్టు గుర్తు అని అమ్ముతున్నారు. పాపకి డి తక్కువ ఉంటే మాత్ర ఉంది, చవక, డోసు డాక్టర్ రాస్తారు. మన దగ్గర దొరికే 60,000 యూనిట్ల సాచెట్ మీరు పార్సిల్ కట్టి పంపిస్తే మాత్రం అది వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలకే అని గట్టిగా చెప్పండి, రోజూ తాగేసి రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదకి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. ఎండ లేని దేశంలో ఉన్నందుకే డి తగ్గిందని కూడా అనుకోనక్కర్లేదు, ఇంత ఎండ కాసే మన తిరుపతి చుట్టుపక్కల టౌన్లలో, పల్లెల్లో జనాన్ని పరీక్షించి స్విమ్స్ ఆస్పత్రి డాక్టర్లు 2007లో ప్రచురించిన పేపర్‌లో కూడా డి లోపం బాగా కనపడింది, దాంతోపాటు తిండిలో కాల్షియం తక్కువని కూడా తేలింది. కాబట్టి పాలు, పెరుగు, రాగులు తినమని చెప్పండి.

పెద్ద జబ్బు గురించి అడిగారు కాబట్టి దాచకుండా చెప్తా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ మీద పనిచేసే ఐఏఆర్‌సీ అనే సంస్థ 2009లో టానింగ్ మెషిన్లని గ్రూప్ 1లో పెట్టింది, అంటే మనుషులకి క్యాన్సర్ తెప్పిస్తాయని రుజువైన వాటి లిస్టు, పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న లిస్టు అదే. 35 ఏళ్ళ లోపు వీటిని మొదలుపెట్టిన వాళ్ళలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముప్పు సుమారు 59 శాతం ఎక్కువని తర్వాత వచ్చిన లెక్కలు చెప్పాయి. ఈ లెక్కలు ఎక్కువగా తెల్ల చర్మం వాళ్ళ మీద చేసినవి, మన చర్మంలో మెలనిన్ జాస్తి కాబట్టి మన ముప్పు అంతకంటే బాగా తక్కువే, అది కూడా నిజమే, చెప్పాలి. కానీ తక్కువ ముప్పు ఉన్నవాళ్ళు డబ్బిచ్చి ముప్పు కొనుక్కోవడం ఎందుకు?

2009లోనే బ్రెజిల్ దేశం అందం కోసం వాడే టానింగ్ బెడ్లని పూర్తిగా ఆపేసింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ అమ్మాయి క్లేర్ ఆలివర్ మెలనోమాతో 2007లో 26 ఏళ్ళకే చనిపోయింది, చివరి వారాల్లో మంచం మీదున్నా కూడా సోలారియమ్‌లకి (అక్కడ టానింగ్ సెంటర్లని అలా అంటారు) పోవద్దని అందరికీ చెప్పింది, ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం నిషేధిస్తూ వచ్చి 2016 జనవరి నాటికి ఆ దేశంలో కమర్షియల్ టానింగ్ బెడ్లు లేకుండా పోయాయి. అమెరికాలో మాత్రం మందుల మీద, మెడికల్ మెషిన్ల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2014లో 18 ఏళ్ళ లోపు వాళ్ళు వాడకూడదని మెషిన్ మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది, పెద్దవాళ్ళకి ఇంకా తెరిచే ఉంది, అందుకే మన పిల్లలకి అది జిమ్ములో ఫ్రీగా దొరుకుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: మచ్చల మీద మామూలు మాయిశ్చరైజర్, బయటికి పోతే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, నిండుగా బట్టలు. సంబంధాలు చూస్తున్నాం కదా తొందరగా తెల్లబడాలి అని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ కొని పంపించకండి, దయచేసి. రెండు వారాలు బాగుంటుంది, తర్వాత మొహం ఎర్రబడి, సన్నటి రక్తనాళాలు కనపడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఆపితే భగ్గున మండుతుంది. ఇప్పుడున్న మచ్చ దానంతట అది పోయే మచ్చ. మళ్ళీ ఎవరికైనా ఇలా కాలితే చల్లటి నీళ్ళ గుడ్డ, పారాసెటమాల్, బాగా నీళ్ళు తాగడం, బొబ్బలు పగలగొట్టకపోవడం, టూత్‌పేస్ట్ పూయకపోవడం. చలి జ్వరం వచ్చినా, బొబ్బలు ఒళ్ళంతా వచ్చినా, కళ్ళు మండి లైటు చూడలేకపోయినా అదే రోజు హాస్పిటల్‌కి పోవాలి. ఆ బెడ్‌లో గాగుల్స్ పెట్టుకుందా లేదా అని కూడా అడగండి, కళ్ళు మూసుకుంటే చాలదు, రెప్పలోంచి కిరణాలు పోతాయి.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నల్లగా ఉండే వాళ్ళకి చర్మ క్యాన్సర్ రాదంటారు కదా. మా నాయనకి అరికాలు మడమ దగ్గర నల్ల మచ్చ ఉండాది, ముందు రవంత ఉండె, ఇప్పుడు రూపాయి బిళ్ళంత అయింది, నొప్పి లేదు. చెప్పుల్లేకుండా చేన్లో తిరుగుతాడు, ముల్లు గుచ్చుకుని ఉంటుంది అంటాడు. చూపించాలా?

జవాబు: చూపించాలి తమ్ముడూ, ఈ వారంలోనే. మిగతాదంతా ఆ తర్వాత చదువు.

నల్ల చర్మానికి రక్షణ ఉంది, నిజమే. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు మనలో తక్కువ. కానీ మెలనోమాలో ఇంకో రకం ఉంది, అది అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వస్తుంది, దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు, మనలాంటి రంగు వాళ్ళలో మెలనోమా వస్తే చాలావరకు వచ్చేది ఇక్కడే. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్ళకి చనిపోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే, మొదట్లో దాన్ని ఫుట్‌బాల్ ఆడేటప్పుడు తగిలిన దెబ్బ అనుకున్నారు. మీ నాయన ముల్లు అంటున్నట్టే.

నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే మనవాళ్ళని ముంచేది. మచ్చ ఒక సగం ఇంకో సగంలా లేకపోయినా, అంచులు వంకర టింకరగా ఉన్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, అన్నిటికంటే ముఖ్యంగా మారుతూ పెరుగుతూ ఉన్నా చూపించాల్సిందే, మీ నాయన మచ్చ పెరిగింది అని నువ్వే రాశావు, ఆ ఒక్క మాట చాలు. గోరు మీద నల్లటి గీత ఒకటే వచ్చి వెడల్పవుతూ గోరు మొదట్లో చర్మానికి కూడా పాకితే అదీ అంతే. చిత్తూరు ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ తిరుపతి రుయాలో గానీ చర్మ డాక్టర్‌కి చూపించండి, అవసరమైతే చిన్న ముక్క తీసి టెస్ట్‌కి పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఊర్లో ఎవరో ఒకరు చెప్తారు, అది నిజం కాదు. అది ముల్లు మచ్చో, లోపల రక్తం గడ్డకట్టిందో, ఉత్త పుట్టుమచ్చో అయ్యే అవకాశమే ఎక్కువ, అలా అయితే సంతోషంగా ఇంటికి వస్తారు. నాటు మందు పూసి, బ్లేడుతో గీకి మాత్రం పోవద్దు.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. పలమనేరు. మోకాళ్ళ మీద, చేతుల మీద, పెదవి పక్కన బొల్లి ఉంది. హాస్పిటల్లో లైటు పెడుతున్నారు, వారానికి రెండుసార్లు బస్సెక్కి పోవాల. పని పోతాంది, కూలీ పోతాంది. ఆన్‌లైన్లో టానింగ్ లాంప్ అమ్ముతా ఉండారు, అదీ అల్ట్రావయొలెట్టే కదా, ఇంట్లోనే పెట్టుకోవచ్చా? ఇంకోటి, తెలిసినాయన బావంచాల నూనె ఇచ్చినాడు, పూసుకుని ఎండలో కూర్చుంటే చెయ్యంతా బొబ్బలెక్కింది.

జవాబు: నువ్వు పడే తిప్పలు నాకు అర్థమవుతాయి, బొల్లి ట్రీట్‌మెంట్‌లో మందుల కన్నా బస్సు ఛార్జీలే పేషెంట్లని మధ్యలో ఆపేయించేవి. అయినా ఆ లాంప్ కొనొద్దు, ఎందుకో వివరంగా చెప్తా.

హాస్పిటల్లో నీకు పెట్టేది నారోబ్యాండ్ అల్ట్రావయొలెట్ బి, 311 నానోమీటర్ల దగ్గర సన్నటి ఒక్క పట్టీ మాత్రమే వచ్చే ట్యూబులు. నువ్వు లోపలికి పోయేముందు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకో. గాగుల్స్ పెడతారు, మగవాళ్ళకి కింద కప్పుకోమంటారు, పోయినసారి ఎర్రబడిందా, ఎన్ని గంటలు ఉంది అని అడుగుతారు, కార్డు మీద డోసు రాస్తారు. మొదటిసారి చదరపు సెంటీమీటరుకి 200 మిల్లీజూల్స్ లాంటి చిన్న డోసుతో మొదలుపెట్టి ప్రతిసారి 10, 20 శాతం పెంచుతూ పోతారు, ఎర్రదనం ఒక రోజు దాటి ఉంటే పెంచరు, మంట పుట్టి బొబ్బ వస్తే ఆపేసి తగ్గాక మళ్ళీ తగ్గించి మొదలుపెడతారు. వరుసగా రెండు రోజులు పెట్టరు. ఆ కార్డే అసలు ట్రీట్‌మెంట్, ట్యూబులు కాదు. టానింగ్ లాంప్‌లో ఎ కిరణాలు, బి కిరణాలు అన్నీ కలగాపులగంగా వస్తాయి, ఎంత డోసు పడుతుందో అమ్మినవాడికీ తెలీదు, కొన్నవాడికీ తెలీదు.

దానివల్ల నీకు జరిగేది రెండు రకాల నష్టం. తెల్ల మచ్చలో మెలనిన్ లేదు కాబట్టి అది కాలుతుంది, పక్కనున్న మంచి చర్మం ఇంకా నల్లబడుతుంది, అంటే మచ్చ ముందుకంటే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రెండోది దానికంటే చెడ్డది, బొల్లి ఉన్నవాళ్ళకి చర్మం కాలినా, గీరుకుపోయినా ఆ దెబ్బ తగిలిన చోటే కొత్త మచ్చ పుట్టే అవకాశం ఉంది.

బావంచాల దగ్గర కూడా ఇదే జరిగింది. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది, అది చర్మం మీద ఉండగా ఎ కిరణాలు పడితే చర్మం చాలా గట్టిగా రియాక్ట్ అవుతుంది. ఆధునిక వైద్యంలో కూడా సోరాలెన్ మందు ఇచ్చి ఎ కిరణాలు పెట్టే పద్ధతి ఉంది, దాన్ని పూవా అంటారు, దాన్నిబట్టి బావంచాల్లో పసలేదని నేను అనను. కానీ ఆ నూనెలో ఎంత సోరాలెన్ ఉందో, ఆ రోజు పలమనేరు ఎండలో ఎన్ని కిరణాలు ఉన్నాయో ఎవరూ కొలవరు, పది నిముషాలు అన్నవాడు పక్కనుండి చూడడు. అదే పొడిని లోపలికి తీసుకుని లివర్ దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి, తాగమంటే అస్సలు వద్దు. నీ బొబ్బలు మానేదాకా లైటు ఆపాలి, తర్వాతి సిట్టింగ్‌లో ఈ నూనె సంగతి తప్పకుండా చెప్పు, తిడతారని దాస్తే వాళ్ళు పాత డోసే పెట్టేస్తారు, అది ఇంకా ప్రమాదం.

బస్సు సమస్యకి దారి ఉంది. ఇంట్లో పెట్టుకునే చిన్న నారోబ్యాండ్ మెషిన్లు, చేత్తో పట్టుకునేవి దొరుకుతాయి, 311 ట్యూబుతో, టైమర్‌తో. నీలాగా మచ్చలు కొన్ని చోట్లే ఉంటే అవి పనికొస్తాయి, నీ డాక్టరే డోసు చార్టు రాసిచ్చి, మొదటి కొన్నిసార్లు తన ఎదురుగా చేయించి, నెలకో రెండు నెలలకో చూస్తానంటే అది తీసుకో. ఒక్కడికే కొనే స్తోమత లేకపోతే ఆ మాట కూడా అడుగు, సిట్టింగులు తగ్గించి పూసే ఆయింట్‌మెంట్ మీద ఎక్కువ ఆధారపడే పద్ధతి కుదురుతుందేమో చూస్తారు. ఓపిక మాత్రం కావాలి. మూడు నెలలకి ముందు ఫలితం లేదని నిరాశపడొద్దు. మొహం మీద త్వరగా వస్తుంది, పెదవులు, వేళ్ళ చివర్లు మొండికేస్తాయి, వెంట్రుకలున్న చోట ముందు చిన్న చిన్న చుక్కల్లాగా రంగు కనపడుతుంది, అది కనపడిందంటే మందు పనిచేస్తున్నట్టే. ఇది అంటుకునే జబ్బు కాదు, నీతో పాటు పనిచేసేవాళ్ళు ఎవరన్నా పక్కన కూర్చోకపోతే వాళ్ళకి ఈ పేజీ చూపించు.

ప్రశ్న: డాక్టర్ అన్నా, తిరుపతి కొర్లగుంట. బాడీ బిల్డింగ్ కాంపిటీషన్‌కి రెడీ అవుతున్నా. స్టేజి మీద లైట్లకి కండల కట్స్ కనపడాలంటే టాన్ ఉండాలంటారు. చెన్నైలో టానింగ్ బెడ్ ఉందని ఒకరు, ముక్కులో కొట్టుకునే మెలనోటాన్ స్ప్రే తెప్పిస్తానని ఇంకొకరు చెప్తున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. స్టేజి మీదికి కావాల్సింది ఒక్క సాయంత్రం ఉండే రంగు, దానికి పైన పూసుకునే స్టేజి కలర్ ఉంది, డీహెచ్ఏ అనే పదార్థం ఉన్న లోషన్లు ఉన్నాయి. డీహెచ్ఏ చర్మం పైపొరలో చచ్చిన కణాలకి మాత్రమే రంగు పట్టిస్తుంది, కొన్ని రోజుల్లో ఆ పొర రాలిపోతే రంగూ పోతుంది. ముందు మోచేతి మడతలో కొద్దిగా పూసి ఒక రోజు చూసుకో, స్ప్రే కొట్టించుకుంటే ముక్కు, నోరు, కళ్ళు కాపాడుకో, అది పీల్చేది కాదు. రంగు ఉంది కదా అని ఎండలో ప్రాక్టీస్ చేయొద్దు, అది ఎండని ఆపదు.

మెలనోటాన్ గురించి గట్టిగా చెప్తా. అది ఒంట్లోకి పోయి చర్మాన్ని నల్లబరిచే మందు, పర్మిషన్ లేనిది, సీసాలో ఏముందో చెప్పే దిక్కు లేదు. వాడినవాళ్ళలో వాంతులు, మొహం ఎర్రబడి ఆవిర్లు రావడం, గంటలు గంటలు తగ్గని అంగస్తంభన, ఉన్న పుట్టుమచ్చలు ఒక్కసారిగా నల్లబడి కొత్తవి రావడం చూశారు. పుట్టుమచ్చలు మారితే అది మందు వల్లో మెలనోమా వల్లో తేల్చుకోవడానికి మళ్ళీ ముక్క తీయాలి. దీన్ని సూదిగా కూడా వేసుకుంటారు, వేరేవాళ్ళు వాడిన సూదితో తీసుకుంటే ఇంకో నరకం.

నువ్వు అడగని విషయం ఒకటి. కాంపిటీషన్ ముందు ఒంట్లో నీరు తీసేయడానికి మూత్రం మాత్రలు వేసుకునే అలవాటు జిమ్ముల్లో ఉంది, ఫ్యూరోసెమైడ్ లాంటివి. అవి కూడా చర్మాన్ని లైటుకి సెన్సిటివ్ చేసేవే, అవి వేసుకుని టానింగ్ బెడ్‌లో పడుకుంటే పైన రాసిన షికాగో పాప లాగా అవుతుంది, అంతకుమించి పొటాషియం పడిపోయి గుండె లయ తప్పి స్టేజి వెనకే కుప్పకూలే ప్రమాదం ఉంది. కప్పు రాకపోయినా పర్లేదు, మీ అమ్మకి నువ్వు కావాలి. ఎవరన్నా ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆపేసి, ఈసీజీ, బ్లడ్ టెస్ట్ చేయించుకో.

ప్రశ్న: మేడమ్ అనాలో సార్ అనాలో తెలీదు, క్షమించండి. తిరుపతి కేటీ రోడ్డులో పార్లర్ నడుపుతున్నా. పెళ్ళిళ్ళ సీజన్లో జెల్ నెయిల్స్ బాగా అడుగుతున్నారు. గోళ్ళు ఆరబెట్టే యూవీ లాంప్‌తో క్యాన్సర్ వస్తుందని ఒక కస్టమర్ వీడియో చూపించి గొడవ పెట్టుకుంది. నాకైతే వేళ్ళు పగిలి దురద పెడుతున్నాయి.

జవాబు: అమ్మా, మీ కస్టమర్ చూసిన వీడియో 2023లో కాలిఫోర్నియా శాన్ డియాగో యూనివర్సిటీ వాళ్ళు చేసిన పరిశోధన గురించి అయి ఉంటుంది, ల్యాబ్‌లో పెంచిన కణాలకి ఈ లాంప్ పెడితే డీఎన్ఏ దెబ్బతిన్నట్టు, కణాలు కొన్ని చచ్చిపోయినట్టు చూపించారు. గిన్నెలో కణాలకీ చర్మం కప్పున్న చెయ్యికీ తేడా ఉంది, పెళ్ళికి ఒకసారి వేయించుకున్న పిల్లకి భయపడాల్సింది లేదు. ప్రతి రెండు వారాలకి వేయించుకునేవాళ్ళకి మాత్రం వేళ్ళ చివర్లు కత్తిరించిన గ్లోవ్స్ వేయండి, లేదా ఇరవై నిముషాల ముందు చేతికి సన్‌స్క్రీన్ రాయండి. ఎల్ఈడీ అని రాసి ఉంటే యూవీ లేదనుకోకండి, దాంట్లో కూడా ఎ కిరణాలే.

నాకు మీ వేళ్ళ గురించే ఎక్కువ బాధగా ఉంది. ఆ జెల్‌లో ఉండే యాక్రిలేట్ రసాయనాలకి అలర్జీ వచ్చినట్టుంది, ఆరకముందు జెల్ చర్మానికి తగిలితే వస్తుంది, ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఉంటుంది, రేపు పంటికి ఫిల్లింగ్ పెట్టేటప్పుడు, మోకాలి కీలు మార్చేటప్పుడు వాడే సిమెంట్‌లో కూడా అదే కుటుంబం రసాయనాలు ఉంటాయి. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, అరగంటకోసారి మార్చండి, అవి కూడా ఎక్కువసేపు ఆపలేవు. కనురెప్పలు కూడా వాచి దురద పెడుతుంటే అనుమానమే లేదు, చర్మం మీద పట్టీ అంటించి అలర్జీ చూసే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. టెస్ట్‌లో తేలితే జెల్ పని ఇంకొకరికి అప్పజెప్పండి, మేకప్పు, మెహందీ మీరు చూసుకోండి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని, చంద్రగిరి. నెలకోసారి కొండకి నడిచి పోతా. బీపీ మాత్ర మార్చిన తర్వాత ఎండ తగిలిన చోటల్లా, మెడ వెనక, ముంజేతుల మీద దద్దుర్లు, దురద. చొక్కా ఉన్న చోట ఏం లేదు. ఎండ పడకపోయే వయసు వచ్చిందా?

జవాబు: మాస్టారూ, వయసు కాదు, మాత్ర పెట్టె మీద పేరు చివర హెచ్ అనే అక్షరం ఉందేమో చూడండి. ఉంటే దాంట్లో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది, అది కొందరిలో చర్మాన్ని ఎండకి ఇలా చేస్తుంది. చొక్కా అంచు దగ్గర గీత గీసినట్టు దద్దుర్లు ఆగిపోయాయని మీరు రాసిన తీరే లైటు వల్ల అని చెప్తుంది. ఈ మందుకి చర్మ క్యాన్సర్ ముప్పు కొద్దిగా ఉందని 2020లో ఎఫ్‌డీఏ లేబుల్‌లో చేర్పించింది, అది ఎక్కువగా తెల్లవాళ్ళకి సంబంధించింది. సొంతంగా మాత్ర ఆపొద్దు, బీపీ పెరిగి పక్షవాతం వస్తే దద్దుర్లు ఏపాటి. డాక్టర్‌కి చూపించి వేరే మాత్రకి మార్చమని అడగండి, చాలా ఉన్నాయి. మందు మారి దురద తగ్గేదాకా కొండకి తెల్లారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే పైకి చేరండి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి. నొప్పులకి నాప్రోక్సెన్ లాంటివి, ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లోక్సాసిన్ లాంటివి కూడా ఇలా చేస్తాయి, వాడుతుంటే అవి కూడా చెప్పండి.

ప్రశ్న: మే నెలలో తిరుమలలో మా బాబుకి పుట్టెంట్రుకలు తీయించాలి, 11 నెలలు. పోయినేడు మా అక్క కొడుక్కి గుండు మాడి తోలు లేచింది. గంధం పూస్తే చాలా? మావారు కూడా గుండు ఇస్తారు.

జవాబు: గంధం చల్లగా ఉంటుంది, పూయండి, కానీ ఎండని ఎంత ఆపుతుందో లెక్క లేదు, దాన్నే నమ్ముకోవద్దు. ఎన్నడూ ఎండ చూడని చర్మం అది, జుట్టు పోయిన మొదటి రోజే మిగతా ఒంటికంటే త్వరగా కాలుతుంది. బాబుకి ఆరు నెలలు దాటాయి కాబట్టి జింక్ ఆక్సైడ్ ఉన్న పిల్లల సన్‌స్క్రీన్ రాయొచ్చు, గుండు తీసిన వెంటనే రాయకండి, కత్తి గాట్లుంటే మండుతుంది, కడిగి ఆరాక రాయండి, చెవుల పైభాగం, మెడ వెనక మర్చిపోకండి. ఆరు నెలల లోపు పిల్లలైతే సన్‌స్క్రీన్ వద్దు, నీడ, పల్చటి నూలు గుడ్డే. కొత్త బ్లేడు వేశారో లేదో మీ కళ్ళతో చూసుకోండి. మీవారికి టోపీ, దర్శనం లైన్లో తీసేసినా బయటికి రాగానే మళ్ళీ పెట్టుకోమనండి, మొదటి వారం పది రోజులు పదింటి నుంచి మూడింటి వరకు ఎండలోకి బోడి తలతో పోవద్దు. బాబుకి గుండు ఎర్రబడితే చల్లటి నీళ్ళ గుడ్డ వేసి పాలు ఎక్కువసార్లు పట్టండి, ఒళ్ళు వేడెక్కి పాలు తాగకుండా మగతగా పడుంటే వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.